అమెరికా పాట అమ్ముకోవడానికి లండన్ ఎందుకు వెళ్లాల్సి వచ్చింది?

1980 వేసవి. న్యూయార్క్‌ను ఆనుకుని ఉండే లాంగ్ ఐలాండ్‌లోని మసాపీక్వా అనే ఊరి నుంచి ముగ్గురు కుర్రాళ్లు లండన్ విమానం ఎక్కారు. బ్రయన్ సెట్జర్‌కు 21 ఏళ్లు, స్లిమ్ జిమ్ ఫాంటమ్‌కు 19, లీ రాకర్‌కు ఇంకా 18. ఉన్న సామాన్లు అమ్మి టికెట్లు కొన్నారు. అవి కూడా వెళ్లడానికే, తిరిగి రావడానికి కాదు. చేతిలో డబ్బు లేదు, అక్కడ తల దాచుకోవడానికి చోటు లేదు, రికార్డు కంపెనీతో ఒప్పందం లేదు.

వాళ్ల బృందం పేరు స్ట్రే క్యాట్స్, అంటే వీధి పిల్లులు. వాయించేది రాకబిలీ. ఆ సంగీతం పుట్టింది అమెరికాలోనే, మెంఫిస్ చుట్టుపక్కల. మరి అమెరికా సంగీతం వాయించే అమెరికా కుర్రాళ్లు అట్లాంటిక్ దాటి ఇంగ్లండ్ ఎందుకు పోవాలి?

దీనికి మామూలుగా వినిపించే జవాబు ఒకటుంది. కుర్రాళ్లు, దూకుడు, అదృష్టం, అంతే అని. సగం నిజమే. కానీ ఆ జవాబుతో సరిపెట్టుకుంటే అసలు విషయం చేజారిపోతుంది. లండన్‌లో వాళ్ల కోసం నిజంగానే ఒక ఏర్పాటు సిద్ధంగా ఉంది. దాన్ని ఒక్కరు కట్టలేదు, ఒక్క ఏడాదిలో కట్టలేదు. పాతికేళ్లుగా అక్కడి అభిమానులు, పబ్బులు, వారపత్రికలు, చిన్న చిన్న రికార్డు కంపెనీలు తెలిసీ తెలియక కడుతూ వచ్చాయి. ఈ ముగ్గురూ వెళ్లి అందులో అడుగుపెట్టారు.

ముందు ఆ సంగీతం ఎలాంటిదో చూద్దాం. రాక్ అండ్ రోల్‌లోని 'రాక్', 'హిల్‌బిలీ' అనే మాట కలిస్తే రాకబిలీ. అమెరికా దక్షిణాది కొండల్లోని తెల్ల పేదలను చిన్నచూపుతో పిలిచే మాట హిల్‌బిలీ. ఆ జనం పాడుకునే కంట్రీ పాట, నల్లవాళ్ల బ్లూస్ ఒకదాంట్లో ఒకటి కలిసిపోతే పుట్టిన వేడి ఇది. 1954 జులైలో మెంఫిస్‌లోని సన్ రికార్డ్స్‌లో ఎల్విస్ ప్రెస్లీ చేసిన మొదటి రికార్డులో ఈ కలయిక రెండు పక్కలా కనబడుతుంది. ఒక పక్క ఆర్థర్ క్రూడప్ అనే నల్లజాతి గాయకుడి బ్లూస్ పాట. ఇంకో పక్క కంట్రీలోనే ఒక శాఖ అయిన బ్లూగ్రాస్‌కు పితామహుడు బిల్ మన్రో పాట. రెండింటినీ ఒకే ఊపుతో పాడారు.

ఆ రికార్డులో డ్రమ్స్ లేవు. ఎల్విస్ చేతిలో ఒక గిటారు, స్కాటీ మూర్ చేతిలో ఎలక్ట్రిక్ గిటారు, బిల్ బ్లాక్ దగ్గర డబుల్ బాస్. అంతే. డబుల్ బాస్ అంటే మనిషంత ఎత్తుండే, నిలబెట్టి వాయించే పెద్ద వయొలిన్ లాంటి వాద్యం. దాన్ని రాకబిలీ వాళ్లు వాయించే తీరు వేరు. తీగను వేళ్లతో ముందుకు లాగి వదిలేస్తారు. అది వెనక్కి పోయి చెక్కకు తగిలి 'టక్' మంటుంది. వెంటనే అరచేత్తో తీగల మీద కొడతారు, ఇంకో 'టక్'. స్వరం, తాళం రెండూ ఒకే చేతిలోంచి వస్తాయి. డ్రమ్స్ కూడా ఉన్న ఒక రాకబిలీ పాటను నేను మొదటిసారి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని విన్నప్పుడు ఇద్దరు డ్రమ్మర్లు వాయిస్తున్నారనే అనుకున్నాను. ఒకరు డ్రమ్స్ మీద, ఇంకొకరు బాస్ మీద అని తెలిశాక ఆ పాటను మళ్లీ మళ్లీ పెట్టుకుని విన్నాను.

దీనికి తోడు సన్ రికార్డ్స్ అధిపతి శామ్ ఫిలిప్స్ చేసిన పని ఒకటుంది. ఆయన రెండు టేప్ మెషీన్లు వాడి, ఒకదాని శబ్దాన్ని రెప్పపాటు ఆలస్యంగా దాని మీదికే మళ్లీ పంపేవాడు. పాడిన ప్రతి మాట వెనక ఒక పొట్టి ప్రతిధ్వని. ముగ్గురు మనుషులు, చిన్న గది. అయినా వినేవాడికి అది పెద్ద హాలులా అనిపిస్తుంది. మసాపీక్వా కుర్రాళ్లకు ఇక్కడే ధైర్యం దొరికి ఉంటుందని నాకనిపిస్తుంది. ఈ సంగీతానికి లారీ నిండా సామాను అక్కర్లేదు, ముగ్గురు చాలు.

ఇంత బలమున్న సంగీతం సొంత ఊళ్లో ఎక్కువ కాలం నిలవలేదు. కార్ల్ పెర్కిన్స్ 1956లో పేరు వస్తూ ఉండగానే కారు ప్రమాదంలో పడ్డాడు. ఎల్విస్ 1958లో సైన్యంలో చేరాడు. జెర్రీ లీ లూయిస్ తన పెళ్లి గొడవలో పరువు పోగొట్టుకున్నాడు. 1959 ఫిబ్రవరిలో బడీ హాలీ విమాన ప్రమాదంలో పోయాడు. రేడియోలు నున్నటి పాటల వైపు తిరిగాయి. అమెరికా జనం పాతదాన్ని పక్కన పడేసి కొత్తదాని వెంట వెళ్లారు.

ఇంగ్లండ్‌లో మాత్రం అలా జరగలేదు. అక్కడ 1950ల మొదట్లోనే టెడ్డీ బాయ్స్ అనే కుర్రకారు తయారయ్యారు. ఎడ్వర్డ్ రాజు కాలం నాటి పొడుగు కోట్లు వేసుకుని, జుట్టు నూనెతో దువ్వి పైకి లేపుకునే కూలీ కుటుంబాల పిల్లలు. ఎడ్వర్డ్ ముద్దుపేరు టెడ్డీ, అందుకే వాళ్లకు ఆ పేరు. అమెరికా నుంచి రాక్ అండ్ రోల్ రాగానే దాన్ని తమ సొంతం చేసుకున్నారు. అమెరికా కుర్రాళ్లకు అది ఆ ఏటి పాట. వీళ్లకు అది తామెవరో చెప్పే గుర్తు. ఈ తేడాను పట్టుకుంటే మిగతా కథంతా అర్థమవుతుంది. ఆ ఏటి పాటను మరుసటి ఏడు మర్చిపోవచ్చు. తామెవరో చెప్పే గుర్తును అంత తేలిగ్గా వదులుకోలేరు.

రాకబిలీ గాయకుడు జీన్ విన్సెంట్‌ను చూడండి. అమెరికాలో అతని వెలుగు తగ్గిపోతున్న సమయంలో, 1959 చివర్లో ఇంగ్లండ్ వచ్చాడు. జాక్ గుడ్ అనే టీవీ నిర్మాత అతనికి నల్ల తోలు బట్టలు వేయించి తెర మీద నిలబెట్టాడు. తర్వాత చాలాకాలం అతనికి తిండి పెట్టింది బ్రిటన్, యూరప్ ప్రేక్షకులే. మరుసటి ఏడాది అతనితో కలిసి బ్రిటన్‌లో కచేరీలు చేసిన ఎడ్డీ కోక్రన్ కథ మరీ బాధ కలిగిస్తుంది. 1960 ఏప్రిల్‌లో చిప్పెన్‌హామ్ దగ్గర వాళ్ల కారు ప్రమాదానికి గురైంది. కోక్రన్ చనిపోయాడు. వయసు 21. అతను పోయాక విడుదలైన 'త్రీ స్టెప్స్ టు హెవెన్' బ్రిటన్ చార్టులో, అంటే రికార్డుల అమ్మకాల పట్టికలో, మొదటి స్థానానికి ఎక్కింది. సొంత దేశం అమెరికాలో అదే పాట టాప్ 100లోకి కూడా రాలేదు. పెరటి చెట్టు మందుకు పనికిరాదని మన పెద్దలు అన్నది ఇలాంటివి చూసే కాబోలు.

అక్కడితో ఆగలేదు. 1970ల్లో చార్లీ అనే కంపెనీ సన్ రికార్డ్స్ పాత పాటలను బ్రిటన్‌లో మళ్లీ వేసి అమ్మింది. వేల్స్ నుంచి క్రేజీ కావన్ అండ్ ద రిథమ్ రాకర్స్ లాంటి బృందాలు పుట్టాయి. 1976 మే నెలలో టెడ్స్ (అంటే టెడ్డీ బాయ్సే), రాక్ అండ్ రోల్ అభిమానులు వేలమంది లండన్ వీధుల్లో ఊరేగింపుగా బీబీసీ దాకా వెళ్లారు. వాళ్ల కోరిక ఒక్కటే, రేడియోలో అసలు సిసలు రాక్ అండ్ రోల్ వినిపించాలి. బీబీసీ దిగివచ్చి ఒక కార్యక్రమం పెట్టింది కూడా. ఇరవై ఏళ్ల కిందటి సంగీతం కోసం జనం రోడ్డెక్కి రేడియో సమయం సాధించుకున్నారంటే ఆ అభిమానం ఎంత గట్టిదో ఆలోచించండి. 1980 నాటికి మ్యాచ్‌బాక్స్, షేకిన్ స్టీవెన్స్ లాంటి బ్రిటిష్ వాళ్లు ఈ తరహా పాటలతో చార్టుల్లోకి ఎక్కడం మొదలైంది.

ఇదే సమయంలో మసాపీక్వాలో ముగ్గురూ బార్లలో వాయిస్తున్నారు. లీ రాకర్ అసలు పేరు లియాన్ డ్రకర్. తండ్రి స్టాన్లీ డ్రకర్ న్యూయార్క్ ఫిల్‌హార్మోనిక్‌లో ప్రధాన క్లారినెట్ విద్వాంసుడు. అంత శాస్త్రీయ సంగీతం ఉన్న ఇంట్లోంచి వచ్చిన కుర్రాడు డబుల్ బాస్‌ను చేత్తో బాదడం నేర్చుకున్నాడు. స్లిమ్ జిమ్ మూడు నాలుగు ముక్కల డ్రమ్ సెట్టు పెట్టుకుని నిలబడే వాయించేవాడు. సెట్జర్ చేతిలో 1959 నాటి గ్రెచ్ 6120, నారింజ రంగు గిటారు. అదే మోడల్ ఎందుకంటే ఎడ్డీ కోక్రన్ వాయించింది అదే గనుక. ఇంగ్లండ్ రోడ్డు మీద పోయిన మనిషి గిటారు లాంటిదే పట్టుకుని ఇతను ఇంగ్లండ్ బయల్దేరాడు.

న్యూయార్క్‌లో వాళ్లకు బొత్తిగా చోటు లేదని కాదు. రాబర్ట్ గార్డన్ అనే గాయకుడు 1977లోనే గిటారిస్టు లింక్ రేతో కలిసి రాకబిలీ ఆల్బం చేశాడు. క్రాంప్స్ అనే బృందం అదే సంగీతాన్ని పంక్ అనే వేగమైన, మొరటు రాక్‌తో కలిపి వాయిస్తోంది. కానీ ఇదంతా కొన్ని క్లబ్బుల్లో, కొన్ని వందలమంది మధ్య జరిగే వ్యవహారం. అక్కడి నుంచి పైకి ఎక్కే మెట్టు లేదు.

ఎందుకు లేదో కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే చిక్కుముడి ఇక్కడే ఉంది. అప్పటి అమెరికాలో జనానికి పాట చేరాలంటే దారి రేడియో. ఆ రేడియో దేశమంతటికీ ఒకటి కాదు, ఊరికో స్టేషన్, స్టేషన్‌కో ఫార్మాట్. కంట్రీ స్టేషన్ కంట్రీయే వేస్తుంది, రాక్ స్టేషన్ అప్పటి భారీ రాక్ బృందాలనే వేస్తుంది. ఏ పాట వేయాలో బయటి సలహాదారులు చెప్పే పద్ధతి బాగా పెరిగింది. రాకబిలీ ఏ డబ్బాలోనూ పట్టదు. కంట్రీ వాళ్లకు ఇది గోల, రాక్ వాళ్లకు ఇది తాతల కాలం నాటి సరుకు. పోనీ ఊరూరా తిరిగి వాయించి పేరు తెచ్చుకుందామంటే ఈ తీరం నుంచి ఆ తీరానికి నాలుగున్నర వేల కిలోమీటర్లు. పైగా 1979లో రికార్డుల అమ్మకాలు పడిపోయాయి. కంపెనీలు ఉన్న ఉద్యోగులనే తీసేస్తున్న రోజులు. కొత్తవాళ్ల మీద, అందులోనూ పాత సంగీతం వాయించే కొత్తవాళ్ల మీద డబ్బు పెట్టేదెవరు?

బ్రిటన్‌లో లెక్క వేరు. దేశం చిన్నది. దేశమంతా వినే పాప్ రేడియో ఒకటే, బీబీసీ రేడియో 1. గురువారం సాయంత్రం టీవీలో 'టాప్ ఆఫ్ ద పాప్స్' వస్తే పిల్లలంతా దాని ముందే ఉంటారు. ఎన్ఎంఈ, మెలొడీ మేకర్, సౌండ్స్, రికార్డ్ మిర్రర్ అని నాలుగు సంగీత వారపత్రికలు. ప్రతి వారం నాలుగు పత్రికలకూ కొత్త పేర్లు కావాలి. ఏదో ఒకటి రాయకపోతే పేజీలు నిండవు. వీటన్నిటి కింద పబ్బులు. 1970ల మొదట్లో పబ్ రాక్ అని ఒక కెరటం వచ్చింది. డాక్టర్ ఫీల్‌గుడ్ లాంటి బృందాలు పబ్బుల్లో చెమటలు పట్టేలా వాయించి అక్కడి నుంచే చార్టులకు వెళ్లాయి. ఆ తర్వాత పంక్ వాళ్లూ అదే దారిన వచ్చారు. కాబట్టి మంగళవారం రాత్రి పబ్‌లో వందమంది ముందు అదరగొడితే, ఆ వందమందిలో ఒక విలేఖరి, ఒక రికార్డు కంపెనీ మనిషి, ఒక పేరున్న సంగీతకారుడు ఉండే అవకాశం నిజంగా ఉంది. లాంగ్ ఐలాండ్ బార్‌లో వందమంది ముందు అదరగొడితే ఆ వందమందికే తెలుస్తుంది.

ఈ దారి అంతకుముందే ఒకరు తొక్కారు. న్యూయార్క్ క్లబ్బుల్లో పెద్దగా ఎవరికీ పట్టని గిటారిస్టు జిమీ హెండ్రిక్స్‌ను 1966 సెప్టెంబరులో యానిమల్స్ అనే బ్రిటిష్ బృందంలో బాస్ వాయించిన చాస్ చాండ్లర్ లండన్ తీసుకెళ్లాడు. మరుసటి ఏడాది అమెరికా అతన్ని నెత్తిన పెట్టుకుంది. అయితే హెండ్రిక్స్‌కు విమానాశ్రయం దగ్గరి నుంచే వెన్నంటి ఉండే చాండ్లర్ ఉన్నాడు. ఈ ముగ్గురికీ అలా పరపతి ఉన్న పెద్దదిక్కు లేదు. లండన్‌లో టెడ్డీ బాయ్స్ మళ్లీ పుంజుకున్నారట అని చెవిన పడ్డ మాటే వాళ్ల ఆధారం.

ఒక చిన్న సంగతి, కానీ నాకు ముఖ్యంగా తోస్తుంది. 1977లో ఫ్రెడ్డీ లేకర్ అనే వ్యాపారి న్యూయార్క్, లండన్ మధ్య స్కైట్రైన్ పేరుతో చవక విమానాలు మొదలుపెట్టాడు. లండన్ నుంచి ఒక వైపు టికెట్ 59 పౌండ్లు. మిగతా కంపెనీలు కూడా పోటీకి దిగి ధరలు తగ్గించాయి. పదేళ్ల ముందైతే బార్‌లో వాయించుకునే కుర్రాళ్లు సామాన్లు అమ్మినా అట్లాంటిక్ దాటగలిగేవాళ్లు కాదేమో. కలలకూ ఒక టికెట్ ధర ఉంటుంది, అది వాళ్ల కాలానికి అందుబాటులోకి వచ్చింది.

దిగాక పడ్డ కష్టాల గురించి వాళ్లే తర్వాత ఎన్నోసార్లు చెప్పారు. పార్కుల్లో పడుకున్నారు. రాత్రంతా సినిమాలు ఆడే హాళ్లలో టికెట్ కొనుక్కుని కుర్చీల్లో నిద్రపోయారు. చదివేవాళ్లకు ఇది సరదా సాహసంలా అనిపించవచ్చు. కానీ ఆ ఇబ్బందిని కాస్త దగ్గరి నుంచి ఊహించండి. మనిషంత డబుల్ బాస్ మీ వెంట ఉంది. దాన్ని ఎక్కడ దాచాలి? వాన పడితే చెక్క పాడవుతుంది. పార్కు బెంచీ కింద పట్టదు, బస్సులో ఎక్కనివ్వరు, పోగొట్టుకుంటే మళ్లీ కొనే డబ్బు లేదు. అది లేకపోతే ఆ సంగీతమే లేదు. ఎలక్ట్రిక్ బాస్ అయితే సంచీలో వేసుకుని భుజాన తగిలించుకోవచ్చు. కానీ అందులోంచి ఆ 'టక్' రాదు. ఆ టక్ కోసమే కదా ఇంత దూరం వచ్చింది.

నెమ్మదిగా పబ్బుల్లో, క్లబ్బుల్లో అవకాశాలు దొరికాయి. జనం పెరిగారు. వచ్చినవాళ్లలో రోలింగ్ స్టోన్స్, ద హూ, లెడ్ జెప్లిన్ సభ్యులు కూడా ఉన్నారన్న వార్త ఊరంతా పాకింది. రికార్డు కంపెనీలు పోటీ పడ్డాయి. చివరికి అరిస్టాతో సంతకం చేశారు.

ఇక్కడ ఒక అపోహ తొలగించాలి. టెడ్డీ బాయ్స్ ఉన్నారు కాబట్టి వీళ్లు గెలిచారు అనుకుంటే పొరపాటు. టెడ్స్ మాత్రమే వచ్చి ఉంటే స్ట్రే క్యాట్స్ ఇంకో క్రేజీ కావన్ అయ్యేవాళ్లు, అంటే అభిమానుల గుండెల్లో పదిలంగా, చార్టులకు దూరంగా. మూడేళ్ల కిందట, 1977 వేసవిలో లండన్‌లోని కింగ్స్ రోడ్డు మీద టెడ్స్, పంక్ కుర్రాళ్లు కొట్టుకున్నారు. ఒకరంటే ఒకరికి పడదు. స్ట్రే క్యాట్స్ కచేరీల్లో ఆ ఇద్దరికీ నచ్చేది దొరికింది. జుట్టు, బట్టలు, గ్రెచ్ గిటారు, డబుల్ బాస్ టెడ్స్‌కు చుట్టాలు. పచ్చబొట్లు, వేగం, బాస్ మీదికెక్కి వాయించే తెగింపు పంక్ వాళ్లకు చుట్టాలు. పాతదాన్ని ఉన్నదున్నట్టు భద్రంగా చూపించే బృందాలు బ్రిటన్‌లో అప్పటికే చాలా ఉన్నాయి. పాతదాన్ని ఈ రోజే పుట్టినట్టు వాయించేవాళ్లు తక్కువ. పైగా వీళ్లు అమెరికావాళ్లు. ఇరవై ఏళ్లుగా రికార్డుల్లో మాత్రమే విన్న ఆ దేశపు యాస వాళ్ల ముందు నిలబడి పాడుతోంది. లాంగ్ ఐలాండ్‌కు, మెంఫిస్‌కు మధ్య దూరం వెయ్యిన్నర కిలోమీటర్లకు పైనే. అది లండన్ ప్రేక్షకుడికి కనబడదు. సొంత దేశంలో వీళ్లు న్యూయార్క్ పిల్లలు, దక్షిణాది పాట వీళ్లకెందుకు అనే ప్రశ్న ఉండేది. లండన్‌లో ఆ ప్రశ్న అడిగేవాళ్లు తక్కువ.

రికార్డు చేయడానికి దొరికిన మనిషి కూడా సరైనవాడు. డేవ్ ఎడ్మండ్స్ వేల్స్‌వాడు. 1970లో పాత అమెరికా పాట ఒకటి తనదైన తీరులో పాడి బ్రిటన్‌లో మొదటి స్థానానికి ఎక్కినవాడు. ఆ పాత రికార్డుల శబ్దం ఎలా పుడుతుందో పరిశోధకుడి పట్టుదలతో నేర్చుకున్నాడు. మామూలు నిర్మాత ఎవరైనా ఆ రోజుల్లో సింథసైజర్ పెడదామనో, డ్రమ్స్ ఇంకా పెద్దవి చేద్దామనో అనేవాడు. ఎడ్మండ్స్ ముగ్గురినీ ముగ్గురిగానే ఉండనిచ్చాడు.

మొదటి సింగిల్ 'రనవే బాయ్స్' 1980 నవంబరులో వచ్చి 9వ స్థానం దాకా వెళ్లింది. విమానం దిగిన ఆర్నెల్లలోపు! 1981 మొదట్లో వచ్చిన మొదటి ఆల్బం 6వ స్థానం చేరింది. 'స్ట్రే క్యాట్ స్ట్రట్' 11. అదే ఏడాది చివర్లో రెండో ఆల్బం 'గానా బాల్' వచ్చింది. దానికి మొదటిదానికొచ్చిన ఆదరణ దక్కలేదు. పైకి ఎంత వేగంగా ఎత్తుతుందో కిందికి అంత వేగంగా దించడం కూడా ఆ చిన్న దేశపు పద్ధతే. నాలుగు వారపత్రికలకూ ఈ వారం మళ్లీ కొత్త పేరు కావాలి కదా.

ఆ సమయానికి వాళ్లకు సొంత దేశంలో తలుపు తెరుచుకోవడం మాత్రం నిజంగా అదృష్టమే. 1981లో రోలింగ్ స్టోన్స్ అమెరికా పర్యటనలో కొన్ని కచేరీలకు ముందు వాయించే అవకాశం దక్కింది. అదే ఏడాది ఆగస్టు 1న ఎంటీవీ మొదలైంది. ఇరవై నాలుగు గంటలూ పాటల వీడియోలు వేయాలి, కానీ అమెరికా కంపెనీల దగ్గర వీడియోలు తక్కువ. బ్రిటన్‌లో టీవీ కోసం వీడియోలు తీయడం అప్పటికే అలవాటు. అందుకే ఎంటీవీ నిండా బ్రిటిష్ బృందాలే కనబడ్డాయి. లండన్ నుంచి వచ్చిన స్ట్రే క్యాట్స్ దగ్గరా వీడియోలున్నాయి. రేడియో ఫార్మాట్లలో పట్టని సంగీతం టీవీ తెర మీద చక్కగా పట్టింది. కళ్లకు కనిపించే జుట్టు, గిటారు, గిరగిరా తిరిగే డబుల్ బాస్‌కు ఏ ఫార్మాటూ అడ్డు రాలేదు. బ్రిటిష్ కెరటం అని అమెరికా పిలుచుకున్న దాని మీద తేలుతూ ఒక అమెరికా బృందం ఇంటికి చేరింది.

1982లో ఈఎంఐ అమెరికా కంపెనీ, బ్రిటన్‌లో వచ్చిన రెండు ఆల్బంల నుంచి పాటలు ఏరి, ఒక కొత్త పాట కలిపి 'బిల్ట్ ఫర్ స్పీడ్' పేరుతో విడుదల చేసింది. అది అమెరికాలో 2వ స్థానానికి ఎక్కింది. 'స్ట్రే క్యాట్ స్ట్రట్' 3వ స్థానం చేరింది. 'రాక్ దిస్ టౌన్' అనే పాట 1981లో బ్రిటన్‌లో 9వ స్థానంలో ఆగింది. దాదాపు రెండేళ్ల తర్వాత అమెరికాలోనూ 9వ స్థానంలోనే ఆగింది. అదే పాట, అవే గొంతులు, అదే డబుల్ బాస్.